నెత్తురు తుడిచిన ఆదివారాలు

పళ్లకు క్లిప్పులు వేయించుకున్న ప్రతి మనిషికీ నేను చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, చెప్పుల దుకాణం పైన ఉన్న పళ్ల దవాఖానలో, కుర్చీ పక్కన నిలబడి డాక్టరమ్మకు సామాను అందించే పని నాది. ఆమె చేతులు కడుక్కుని వచ్చేలోపు ఆ మాటలు నేను చెప్పేయాలి. తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. తీగ కింద, క్లిప్పు పక్కన, చిన్న బ్రష్ దూర్చి తిప్పాలి. గట్టివీ జిగటవీ తినకూడదు. అన్నిటికన్నా చివర, వేలు చూపించి మరీ చెప్పేది ఒకటుంది: చిగుళ్ల నుంచి రక్తం వస్తే భయపడి బ్రష్ ఆపకండి, రక్తం వచ్చిందంటే అక్కడ పాచి పేరుకుందని అర్థం, అక్కడే ఇంకా జాగ్రత్తగా తోమండి, రెండు వారాల్లో తగ్గకపోతే మళ్లీ రండి.

ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు చెప్పాను, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి బండి మీద వచ్చే ఒక కానిస్టేబుల్‌కు చెప్పాను, మనవరాలిని తోలుకొచ్చి ప్రతి మాటకూ తల ఊపే ఒక ముసలాయనకు చెప్పాను. నిద్రలో లేపి అడిగినా తప్పు పోకుండా చెబుతాను. నా సొంత చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు ఏమైపోయిందో ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను మంచిదానిలా కనిపించే చోటు ఒక్కటీ లేదు. రాయకపోతే మాత్రం నాకు అన్నం సయించడం లేదు.

మా చెల్లె నాకంటే ఆరేళ్లు చిన్నది. పై పళ్లు ముందుకు పొడుచుకొచ్చి, ఎంత బిగబట్టినా పెదవి వాటి మీదికి వచ్చేది కాదు. బడిలో దానికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయను. పెట్టినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా దవాఖానకే వస్తారు, వాళ్ల నోళ్లలోనూ ముత్యాలేం రాలడం లేదు. దాని అసలు విద్య మాట. మా అమ్మ మార్కెట్లో చేపలు అమ్ముతుంది. అక్కడ బేరమాడే ఆడవాళ్లనూ, చేప కళ్లు గుచ్చి గుచ్చి చూసి కొనకుండా పోయే పెద్దమనుషులనూ ఇంట్లో కూర్చుని అచ్చు దించేసేది. అమ్మ నవ్వలేక కత్తిపీట మీంచి లేచి పక్కకు పోయేది. గడప దాటితే మాత్రం ఆ నోటికి చున్నీ అడ్డం. కరోనా వచ్చి ఊరంతా మాస్కు పెట్టుకుని ఉక్కపోతకు తిట్టుకుంటూ తిరిగితే, ఇది ఒక్కతే హాయిగా తిరిగింది. కరోనా పోయింది, ఊళ్లో మాస్కులు పోయాయి, దీని మాస్కు పోలేదు.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, చుట్టుపక్కల ఊళ్ల వార్తలు చెప్పే ఒక యూట్యూబ్ ఛానల్‌లో పనికి కుదిరింది. వార్త రాసేది ఇదే, బొమ్మల వెనక వినిపించే గొంతూ దీనిదే. మైకు పట్టుకుని జనంలో నిలబడేది మాత్రం వేరే అమ్మాయి. ఒకరోజు ఫోన్‌లో ఆ వీడియో చూస్తూ నన్ను అడిగింది.

"అక్కా, రాసింది నేనే, చదివింది నేనే. మొకం మాత్రం గా పిల్లది. నాది ఎందుకు పనికిరాదే?"

అది ఏడుస్తూ అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. మరుసటి రోజు దవాఖానకు పోగానే దాని పళ్ల సంగతి డాక్టరమ్మతో మాట్లాడాను.

క్లిప్పులు వేసే డాక్టర్ మా దగ్గర ఉండడు. సిటీ నుంచి నెలకొకసారి, రెండో ఆదివారం వస్తాడు. ఆ రోజంతా తీగలు మార్చడం, బిగించడం, సాయంత్రానికి వెళ్లిపోవడం. మిగతా నెలంతా ఆయన తీగల జోలికి మా డాక్టరమ్మ పోదు, ఎవరైనా నొప్పి అని వస్తే తప్ప ఆ నోళ్లు తెరిచి చూడదు. చిన్న ఊళ్లలో పని ఇలాగే నడుస్తుంది. ఆయనకు ఒక పట్టుదల ఉంది. తీగ బిగించే ముందు చిగుళ్లు చూస్తాడు. వాచి ఉంటే తీగ ముట్టడు. "ముందు ఇవి తగ్గించుకుని రండి, అప్పటిదాకా పళ్లు కదిలించను" అని కుర్చీ దింపేస్తాడు. అట్లా దిగిపోయినవాళ్లు మెట్ల మీద ముఖం చిన్నబుచ్చుకుని పోతుంటే, 'చెప్పినప్పుడు వినరు కదా' అని నాకు లోపల కొంచెం సంతోషంగా కూడా ఉండేది.

క్లిప్పులు వేయకముందు ఒక కాగితం నింపాలి. అది నింపేది నేనే. షుగర్ ఉందా, మందులేమైనా వాడుతున్నారా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పళ్లు కదిలి ఊడిపోయాయా. మా అమ్మకు ముప్పై అయిదు నిండకముందే ముందరి పళ్లు నాలుగు ఒకదాని వెనక ఒకటి పోయాయి. బొగ్గు పొడితో తోముతుంది, తంబాకు నములుతుంది, అందుకే పోయాయని మా ఇంట్లో అనుకునే మాట. అది రాస్తే డాక్టరమ్మ చదువుతుంది, పక్కన పనిచేసే పిల్ల చదువుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. "లేదు" అని రాసి కాగితం ఫైల్లో పెట్టాను.

మొదటి ఏడెనిమిది నెలలు పండగలా గడిచాయి. పళ్లు వెనక్కి జరగడం కంటికి కనిపించేది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం చెల్లె అద్దం ముందు నిలబడి, పెదవి మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకునేది. ఒకరోజు పెదవులు రెండూ కష్టపడకుండా కలిశాయి. అది అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ వారమే మాస్కు లేకుండా మైకు పట్టుకుని, గుంతలు పడ్డ కోహెడ దారి గురించి మాట్లాడింది. నోట్లో క్లిప్పులు ఎండకు మెరుస్తున్నాయి. వీడియో కింద ఎవడో ఒకడు వెకిలిగా రాశాడు. దవాఖానలో నలుగురి మధ్యే అది చదివి గట్టిగా నవ్వింది. బయటి మనుషుల ముందు దాని నోరు అంత పెద్దగా తెరుచుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

రక్తం మొదలైంది ఆ తర్వాతే. పొద్దున కుళాయి దగ్గర బ్రష్ చేస్తూ పిలిచింది.

"అక్కా, బ్రష్ వెట్టంగనే నెత్తురొస్తుందే. జూడు."

చూశాను. పై ముందరి పళ్ల చుట్టూ చిగురు ఉబ్బి, క్లిప్పు అంచు దాకా దిగింది. నాకు ఇందులో కొత్తేమీ లేదు. "ఆగకుండ తోము, గదే తగ్గుతది" అన్నాను. అప్పుడే అమ్మ వచ్చింది. తొట్టిలో ఉమ్మిన ఎర్రనీళ్లు చూసి బ్రష్ లాక్కుంది.

"ఏందే గిది? నెత్తురు కారుతుంటే మల్ల గదే జాగల గీకుతరా? పుండు మీద నీళ్లు వడితే మానుతదానే?"

మా అమ్మ కుడిచేతి చూపుడు వేలికి పై కణుపు లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. వేలికి గుడ్డ చుట్టుకుని అదే చేత్తో చేపలు కడిగింది, కోసింది, మళ్లీ కడిగింది. చేపల పనిలో చెయ్యి ఎక్కడ ఆరుతుంది? వారానికి వేలు నల్లబడి చీము పట్టింది. పెద్ద దవాఖానకు పోతే కణుపు దాకా తీసేశారు. నీళ్లు తగలకుండా పెట్టుకుని ఉంటే వేలు మిగిలేదని అక్కడ ఎవరో అన్నారట. అప్పటి నుంచి మా ఇంట్లో గాయానికి ఒకటే చట్టం: పసుపు అద్దాలి, నీళ్లు తగలనీయొద్దు, ముట్టుకోవద్దు. మా వాడలో చేపల పని చేసే ఇళ్లన్నిటిలోనూ ఇదే చట్టం. చేతి గాయానికి అది తప్పని నేనిప్పటికీ అనను.

"అమ్మా, గది పుండు గాదు. పాచి వట్టి వాసింది. తోమితేనే తగ్గుతది. రోజు దవాఖాన్ల గదే గదా నేను చెప్పేది" అన్నాను.

 అమ్మ ఆ మొండి వేలు నా ముఖం ముందు పెట్టింది.

"నాకు గూడ మస్తు చెప్పిండ్రు బిడ్డా. ఏలు పోయినంక ఎవ్వలు రాలే. జర నాలుగొద్దులు ముట్టకుండ ఉంచుండ్రి. పసుపు వెడ్తా, గట్టివడ్తది."

చెల్లె అమ్మ వైపే పోయింది. పోక ఏం చేస్తుంది? బ్రష్ పెడితే నొప్పి, నెత్తురు. పెట్టకపోతే రెండూ లేవు. పసుపు అద్దిన నాలుగు రోజులకు నెత్తురు నిజంగానే కనపడలేదు, తోమితే కదా కనపడేది. కింది పళ్లూ వెనక పళ్లూ తోముకునేది, పై ముందరి పళ్ల జోలికి మాత్రం పోయేది కాదు. నేను రెండు రోజులు అరిచాను. నాది చెడ్డ కోపం, అరిచి అరిచి చివరికి చేతులు దులిపేసుకునే రకం. మూడో రోజు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"నీ ఇష్టం పో. పండ్లూడి చేతికొస్తయ్, అప్పుడు జూస్కో."

ఇంతవరకు అయితే అది అమ్మ తెలియనితనం, నా కోపం. ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఆ తర్వాత నేను చేసింది వేరు.

రెండో ఆదివారం దగ్గరపడింది. చెల్లె నోరు తెరిపించి చూస్తే నాకే కళ్లు తిప్పుకోవాలనిపించింది. పసుపు పట్టిన పాచి, దాని కింద ఉబ్బిన చిగురు, వాసన. డాక్టర్ చూస్తే తీగ ముట్టడు. ముట్టకపోవడం అటుంచి, అందరి ముందు నన్ను చూస్తాడు. ఊరందరికీ వేలు చూపించి చెప్పే మనిషి ఇంట్లో నోరు ఇదా అనుకుంటాడు. ఆ చూపు నేను పడలేననుకున్నాను.

ఆదివారం మార్కెట్ రోజు. అమ్మ తెల్లవారకముందే చేపల తట్టతో వెళ్లిపోతుంది. ఆమె పోయాక, ఎండ వాకిట్లోకి వచ్చిన తర్వాత, ప్లాస్టిక్ కుర్చీ కుళాయి దగ్గర వేసి చెల్లెను కూర్చోబెట్టాను. తల వెనక్కి వంచి నా పొట్టకు ఆనించుకున్నాను, దవాఖానలో పిల్లలను పట్టుకున్నట్టు. చిన్న బ్రష్‌తో తీగ కిందా క్లిప్పుల పక్కలా గీకాను. నెత్తురు కారింది. దూది పెట్టి ఒత్తాను. చల్లటి ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. మళ్లీ గీకాను, మళ్లీ ఒత్తాను. అది కాళ్లు నేలకు తన్నుకుంది.

"గమ్మునుండు" అన్నాను.

ఎర్రబడిన దూది పొట్లం కట్టి చెత్తలో వేశాను, తొట్టి కడిగాను, దాని నోట్లో లవంగం పెట్టాను. పదకొండింటికి అది మా దవాఖాన కుర్చీలో ఉంది. నేను పక్కన నిలబడి ఉమ్మి లాగే పైపు పట్టుకున్నాను. డాక్టర్ చిన్న అద్దం లోపల పెట్టి అటూ ఇటూ తిప్పాడు. 

"కొంచెం ఎర్రగా ఉన్నాయమ్మా. బాగా తోముకో" అని తీగ బిగించాడు.

నాకు గెలిచినట్టు అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే అనిపించింది. పైపైన ఉన్న పాచి పోతే పైపైన ఎరుపు కాస్త తగ్గుతుంది. చిగురు లోపల, వేరు పక్కన ఏం జరుగుతోందో బ్రష్‌కు అందదు, అద్దానికి కనపడదు. ఇదీ నాకు తెలుసు.

నెల మధ్యలో ఒక్క మాట చెబితే డాక్టరమ్మ కుర్చీలో కూర్చోబెట్టి లోపలిదాకా శుభ్రం చేసేది. చెప్పలేదు. చెబితే ఆమె ఆయనకు చెబుతుంది, ఆయన తీగ ఆపేస్తాడు. ఆపేస్తే చెల్లె మళ్లీ మాస్కు తగిలించుకుంటుందని నా భయం. వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ లడ్డు వేలం దగ్గర మైకు దానికే ఇస్తామని ఛానల్ వాళ్లు మాటిచ్చారు. ఆ రోజు దాటనీ, తర్వాత అన్నీ సరిచేద్దామనుకున్నాను. అట్లా అయిదు రెండో ఆదివారాలు వాకిట్లో నెత్తురు తుడిచాను. అమ్మకు ఈ సంగతి తెలియదు. చెల్లె కూడా చెప్పలేదు. పసుపు తీసేశామని తెలిస్తే ఆమె బాధపడుతుందని దాని బాధ.

బాలాపూర్‌లో అది ఎంత బాగా మాట్లాడిందో! కాలు పెట్టే సందు లేని జనంలో, డప్పుల మోతలో, గొంతు ఎక్కడా తడబడలేదు. ఒక ముసలామెను పలకరించి, ఆమె ఏదో అంటే పడీ పడీ నవ్వింది. అమ్మ మార్కెట్లో ఫోన్ పక్కవాళ్లందరికీ చూపించి, "నా బిడ్డనే, గదో, నవ్వుతున్నది" అన్నదట. నేను దవాఖానలో చూశాను. దాని నవ్వు దగ్గర వీడియో ఆపాను. ముందరి పళ్లు రెండింటిలో ఒకటి రెండోదాని కంటే పొడుగ్గా ఉంది.

ఇంటికొచ్చాక చెల్లె ఆ పంటి సంగతే ఎత్తింది.

"అక్కా, గీ పన్ను కదులుతున్నట్టుందే. నాలుకతోని నూకితే పోతుంది, వస్తుంది."

"క్లిప్పులున్నంక కదలక ఏం జేస్తయే? కదిలితేనే గదా వరుసకొచ్చేది" అన్నాను.

ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు. క్లిప్పులు వేసిన పళ్లు కాస్త కదులుతాయి, ఆ సంగతి నేను రోజూ చెబుతాను. ఆ కదలిక వేరు, ఈ కదలిక వేరు. నాకు తేడా తెలుసు, దానికి తెలియదు. నా మాట నమ్మి వెళ్లి పడుకుంది.

ఆ తర్వాతి రెండో ఆదివారం పండగల వల్ల డాక్టర్ రాలేదు. మరో నెల గడిచింది. ఆయన వచ్చే రోజు పొద్దున ఎప్పటిలాగే కుర్చీ వేసి, చెల్లె తల ఆనించుకుని, చిన్న బ్రష్ పెట్టాను. నెత్తురుతో పాటు తెల్లగా చీము వచ్చింది. దూది ఒత్తాను, ఆగలేదు. ఇంకో దూది ఒత్తాను.  చెల్లె కళ్లు పైకెత్తి నన్ను చూసింది.

"ఏమైందే?"

"ఏం గాలే. లే, పోదాం" అన్నాను. ఆ రోజు ఏమీ తుడవకుండానే తీసుకెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

డాక్టర్ అద్దం పెట్టి, వేలితో చిగురు ఒక్కసారి నొక్కాడు. లేచి డాక్టరమ్మను పిలిచాడు. ఆమె సన్నటి కొలత సూది తీసుకుంది. దాని మీద గీతలుంటాయి. పంటికీ చిగురుకూ మధ్య అది ఎంత లోతు దిగుతుందో చూసి అంకె చెబుతారు, పక్కన ఉన్నవాళ్లు రాసుకుంటారు. మూడు దాకా మంచిదే. పైకి పోయేకొద్దీ లోపల ఎముక తగ్గిపోయిందని లెక్క. రాయడం నా పని.

"మూడు. మూడు. నాలుగు" అని వెనక పళ్ల నుంచి మొదలుపెట్టింది. నేను రాస్తున్నాను. ముందుకు వచ్చేకొద్దీ ఆమె గొంతు తగ్గింది. "ఆరు. ఏడు. ఎనిమిది." ఆ పొడుగైన పంటి దగ్గర సూది దిగుతూనే పోయింది. "తొమ్మిది" అంది. ఆ తొమ్మిది అంకె నేను రెండుసార్లు రాసి కొట్టేయాల్సి వచ్చింది. చెల్లె నోరు తెరిచి, కళ్లు మూసుకుని, ఆ అంకెలన్నీ వింటోంది. వాటి అర్థం దానికి తెలియదు కాబట్టి పరీక్షలో మార్కులు విన్నట్టు వింటోంది.

ఎక్స్‌రే చూసి డాక్టర్ తనలో తాను అనుకున్నట్టు, "నెలనెలా బాగానే కనిపించాయే" అన్నాడు. తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు. నేను ఏ చూపు తప్పించుకోవాలని ఇన్ని ఆదివారాలు ఆ పని చేశానో, అదే చూపు. చెప్పేశాను. కుళాయి, కుర్చీ, దూది, లవంగం, అన్నీ. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"నెలకొకసారి వచ్చేవాణ్ని. ఆ రక్తం ఒక్కటే నాకు నిజం చెప్పేది. నువ్వు దాన్ని తుడిచి తెచ్చావు. చిగురు జబ్బుతో ఉన్నప్పుడు పన్ను లాగితే ఎముక ఎంత త్వరగా కరుగుతుందో నీకు తెలియదా? పడిపోయే గోడకు నాతో తాడు కట్టి లాగించావమ్మా."

తప్పులో కొంత ఆయన తన మీద కూడా వేసుకున్నాడు. ప్రతి నెలా సూది పెట్టి కొలవాల్సింది, అద్దం నమ్మానన్నాడు. అందువల్ల నా తప్పు ఒక్క పిసరు కూడా తగ్గలేదు. డాక్టరమ్మ ఫైల్ తిరగేసి మొదటి కాగితం తీసింది. కొందరికి ఈ జబ్బు ఇంట్లోనే ఉంటుంది, తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, అట్లాంటి వాళ్లకు ముందే జాగ్రత్త పడతామంది. "లేదు" అన్న నా అక్షరాల మీద వేలు పెట్టింది.

"అమ్మకు?" అని అడిగింది.

తల ఊపాను. ఆమె ఫైల్ మూసేసింది.

"నాతోని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?" అంది. 

ఆ రోజే తీగ తీసేశారు. పళ్లకు అంటించిన క్లిప్పులు మాత్రం ఉంచారు. చిగుళ్లు కుదుటపడితే పక్క పళ్లతో కలిపి కట్టి నిలబెట్టే ప్రయత్నం చేద్దామన్నారు. ఒక్క ఆ పంటికి మాత్రం మాట ఇవ్వలేమన్నారు. లోపలిదాకా శుభ్రం చేయడం మొదలుపెట్టారు, మందులు ఇచ్చారు.  చెల్లె మెట్లు దిగుతూ బ్యాగులోంచి మాస్కు తీసి పెట్టుకుంది. ఇన్నాళ్లూ అది బ్యాగులోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లో అమ్మకు సగమే చెప్పాను. చిగుళ్ల జబ్బు ముదిరిందని, తోమకపోవడం వల్ల అని. అమ్మ తట్ట దించి తన మొండి వేలు చూసుకుంది.

"అయితే నా పసుపు ముంచింది బిడ్డను" అంది.

నువ్వు తెలియక చేశావు, నేను తెలిసి చేశాను అనాలి అప్పుడు. నోటి దాకా వచ్చింది. అనలేదు. రెండు రోజులు అమ్మ సరిగ్గా తినలేదు, అది చూస్తూ కూడా అనలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లె వాకిట్లో కూర్చుని పెరుగన్నం తింటోంది. పక్కనే అమ్మ వల చిక్కులు తీస్తోంది. చెల్లె చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. అన్నం మెతుకుల్లోంచి పన్ను తీసి అరచేతిలో పెట్టుకుంది. నెత్తురు కూడా ఎక్కువ రాలేదు. తెల్లటి పన్ను, పొడుగాటి వేరు, ముందు భాగానికి అంటుకుని మెరుస్తున్న క్లిప్పు. ఆ అంటించిన మందు ఎంత గట్టిదో, క్లిప్పు మాత్రం ఊడలేదు. చెల్లె దాన్ని చూస్తూ కూర్చుంది. నేను ఏడ్చాను. అది ఏడవలేదు.

అమ్మ లేచి వచ్చి పన్ను తీసుకుంది. మా చిన్నప్పుడు పాలపళ్లు ఊడితే ఇంత ఆవుపేడలో పెట్టి, ఇంటికి వీపు పెట్టి, తల మీదుగా కప్పు మీదికి విసిరేది. అట్లా వేస్తే కొత్త పన్ను తొందరగా మొలుస్తుందని. ఇప్పుడు మా గల్లీలో ఆవులెక్కడివి? కుళాయి కింద తడిమట్టి ఇంత తీసుకుని, అందులో పన్ను పెట్టి ముద్ద చేసింది. వీపు తిప్పి విసిరింది. మట్టి విడిపోయింది. పన్ను రేకుల మీద టక్కున పడి, క్లిప్పు గీరుకుంటూ దొర్లి దొర్లి, మళ్లీ మా ముందే వాకిట్లో పడింది.

చెల్లె అప్పటికే మాస్కు పెట్టుకుంది. మాస్కు మీంచి కళ్లు మాత్రమే కనపడుతున్నాయి, అవి నా వైపే చూస్తున్నాయి.

అమ్మ వంగి పన్ను ఏరింది. మట్టి దులిపి, కొంగుతో తుడిచి, నా దగ్గరికి తెచ్చింది.

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నువ్వెయ్యి" అంది.

ఆ వయసులో ఊడిన పన్ను మళ్లీ మొలవదని దవాఖానలో రోజూ చెప్పే మనిషిని నేను. నా చెయ్యి ఎట్లాంటిదో అమ్మకు ఆ రోజు చెప్పలేదు, ఇంకా చెప్పలేదు. పన్ను తీసుకుని, ఇంటికి వీపు పెట్టి, బలమంతా పెట్టి విసిరాను. ఈసారి అది తిరిగి రాలేదు.